తుప్పు పట్టిన మరలు, పగిలిన ఐపీసు
(సికింద్రాబాదులో ఒక మైక్రోస్కోపు చరిత్ర)

ఏటా ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినం అంటారు. దోమకు కూడా ఒక రోజు కేటాయించారా అని వినగానే మనకు నవ్వొస్తుంది. ఆ తేదీ దోమను గౌరవించడానికి పెట్టింది కాదు. 1897లో ఆ రోజున సికింద్రాబాదు దగ్గర బేగంపేటలో, ఒక సైనిక ఆసుపత్రిలో కూర్చుని రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా దోమల వల్ల వస్తుందని ఈరోజు ఐదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అప్పటివరకు మాత్రం చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల ఆ జ్వరం వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారు. మలేరియా అనే ఇటాలియన్ మాటకు అర్థం కూడా చెడుగాలి అనే.

రాస్ ఏం కనుక్కున్నాడో మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. దేనితో కనుక్కున్నాడో అంతగా ఎవరూ చెప్పరు. ఆనాటి తన మైక్రోస్కోపు ఎలా ఉండేదో ఆయనే తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు. నుదుటి నుంచి, చేతుల నుంచి కారిన చెమటకు దాని మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక్క ఐపీసు కూడా పగిలి ఉంది. అలాంటి పరికరంతో అంత చిన్న క్రిమిని ఎలా చూడగలిగాడు? దీనికి జవాబు కావాలంటే మైక్రోస్కోపు చరిత్రలో కొంచెం వెనక్కి వెళ్లాలి. పనిలో పనిగా, మైక్రోస్కోపు ముందు మొదటిసారి కూర్చునే విద్యార్థికి కావలసిన పాఠం కూడా అక్కడే దొరుకుతుంది.

చూడటం కూడా నేర్చుకోవాల్సిన పనే

1665లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ మైక్రోగ్రాఫియా అనే పుస్తకం అచ్చు వేయించాడు. బెరడు ముక్కను పలచగా కోసి చూస్తే అందులో తేనెపట్టు లాంటి చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి ఆయన పెట్టిన సెల్ అనే పేరునే మనం కణం అంటున్నాం.

అదే కాలంలో హాలండులోని డెల్ఫ్ట్ పట్టణంలో ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. ఆయన పెద్ద చదువులు చదవలేదు. గాజును అరగదీసి ఆవగింజంత కటకాలు చేసుకునేవాడు. ఒక చిన్న లోహపు రేకు మధ్యలో ఆ కటకం, దాని ముందు ఒక సూది, సూదిని అటూ ఇటూ జరపడానికి మరలు. ఆయన మైక్రోస్కోపు మొత్తం ఇంతే. చూడదలచుకున్న వస్తువును సూది మొనకు అంటించి, వెలుతురు వైపు తిరిగి, పరికరాన్ని కంటికి ఆనించుకుని చూసేవాడు. ఈనాటికీ మిగిలి ఉన్న ఆయన కటకాలలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. చెరువు నీటిలో, వాన నీటిలో, చివరికి తన పంటి పాచిలో కూడా కదిలే ప్రాణులు ఉన్నాయని ఆయన లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు.

అక్కడి పండితులు వెంటనే నమ్మలేదు. తామే చూద్దామని ప్రయత్నిస్తే మొదట వాళ్లకు ఏమీ కనపడలేదు. 1677 నవంబరులో హుక్ మళ్లీ మళ్లీ ప్రయత్నించాక గానీ ఆ ప్రాణులు కనిపించలేదు. హుక్ అంతటివాడికే అన్ని ప్రయత్నాలు పట్టింది. మొదటి రోజు మనకు స్లైడు మీద గాలి బుడగలు తప్ప ఇంకేమీ కనపడకపోతే బాధపడాల్సిన పని లేదు.

లీవెన్‌హుక్ 1723లో చనిపోయాడు. పోతూ పోతూ తన వెండి మైక్రోస్కోపులు 26 రాయల్ సొసైటీకి రాసిచ్చాడు. ప్రపంచంలోనే పేరున్న ఆ సంస్థ దగ్గరి నుంచి అవన్నీ తర్వాతి కాలంలో కనపడకుండా పోయాయి. మళ్లీ దొరకలేదు. వస్తువు ఎంత గొప్పదైనా దాన్ని చూసుకునే మనిషి లేకపోతే ఏమవుతుందో ఇది చెబుతుంది.

కటకాలు బాగుపడ్డాక

రెండు కటకాలున్న మైక్రోస్కోపులు అప్పటికే ఉన్నా వాటిలో ఒక లోపం ఉండేది. వస్తువు అంచుల చుట్టూ ఇంద్రధనుస్సులాగా రంగులు కనిపించి బొమ్మ మసకగా ఉండేది. 1830లో జోసెఫ్ జాక్సన్ లిస్టర్ అనే ఆయన కటకాలను ఒక లెక్క ప్రకారం జతపరిస్తే ఈ మసక తగ్గుతుందని చూపించాడు. తర్వాత జర్మనీలోని యేనా పట్టణంలో కార్ల్ జైస్ కార్ఖానాలో ఎర్నెస్ట్ అబ్బే అనే శాస్త్రవేత్త కటకాల తయారీని గణితం మీద నిలబెట్టాడు. కటకానికీ స్లైడుకూ మధ్య ఒక చుక్క నూనె వేసి చూసే పద్ధతి కూడా 1878 నాటికి బాగా కుదిరింది. గాలికి బదులు నూనె ఉంటే స్లైడు నుంచి వచ్చే వెలుతురు పక్కలకు వంగిపోకుండా ఎక్కువ భాగం కటకంలోకి చేరుతుంది. అందుకే చిన్న చిన్న వివరాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఈ మార్పుల ఫలితం వైద్యంలో త్వరగానే కనిపించింది. 1880 నవంబరు 6న అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి రక్తంలో కదులుతున్న క్రిములను చూశాడు. ఆ క్రిముల లోపల నల్లని రేణువులు ఉన్నాయి. క్రిమి ఎర్ర రక్తకణాన్ని తిన్నప్పుడు మిగిలే పదార్థం అది. ఈ నల్లని రేణువులను గుర్తుపెట్టుకోండి. బేగంపేటలో రాస్‌కు దారి చూపించింది ఇవే.

బెంగళూరులో, ఊటీలో, సికింద్రాబాదులో

రొనాల్డ్ రాస్ 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. ఇంగ్లండులో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1883లో మన బెంగళూరులో ఉద్యోగం చేశాడు. ఆయన బంగళాలో దోమలు విపరీతంగా ఉండేవి. చూడగా చూడగా కిటికీ బయట ఉన్న నీళ్ల తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. తొట్టిని ఒంపేస్తే దోమలు తగ్గాయి. మలేరియాకూ దోమకూ సంబంధం ఉందని అప్పటికి ఆయనకు తెలియదు.

అసలు లావెరాన్ చెప్పిన మాటనే రాస్ చాలాకాలం నమ్మలేదు. ఎన్ని రక్తపు చుక్కలు చూసినా ఆయనకు ఆ క్రిమి కనపడలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని, రక్తపు స్లైడులో క్రిమి ఎలా ఉంటుందో చూపించాడు. దోమలే ఈ క్రిమిని మోస్తుండవచ్చని తన ఊహ కూడా చెప్పాడు. పదమూడేళ్లుగా వైద్యుడిగా పనిచేస్తున్న మనిషికి కూడా ఏం వెతకాలో చూపించే గురువు కావలసి వచ్చింది.

1895లో రాస్ తిరిగివచ్చి సికింద్రాబాదులో దోమలను కోసి చూడటం మొదలుపెట్టాడు. అదే ఏడాది కలరా పనిమీద మళ్లీ బెంగళూరుకు పంపించారు. 1897 వేసవిలో ఊటీ దగ్గరి సిగూరు లోయకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ సికింద్రాబాదు చేరుకున్నాడు. ఇంత తిరిగినా పని ముందుకు సాగలేదు. కారణం ఏమిటంటే ఇంతకాలం ఆయన కోసి చూసిన దోమలు చాలావరకు వేరే జాతులవి. మలేరియా క్రిమి వాటిలో పెరగదు. ఈ సంగతి ఆయనకు తెలిసే మార్గం లేదు. వందల దోమలను కోశాడు. దేనిలోనూ ఏమీ లేదు.

1897 ఆగస్టు 20

ఆ ఆగస్టులో ఆయన దగ్గరికి మరో రకం దోమ పిల్లలు చేరాయి. అవి పెరిగి పెద్దవయ్యాక రెక్కల మీద మచ్చలు కనిపించాయి. మనం ఇప్పుడు ఎనాఫిలిస్ అనే జాతి ఇదే. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను లోపలికి వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కు తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ ఎవరో, ఏ ఊరివాడో, ఆ జ్వరం నుంచి తేరుకున్నాడో లేదో మన పుస్తకాలు చెప్పవు. ఈ చరిత్రలో అతని రక్తం కూడా ఉంది కాబట్టి అతని పేరును మనం గుర్తుంచుకోవాలి.

ఆగస్టు 20 నాటికి ఆ దోమలలో కొన్నే మిగిలాయి. ఆసుపత్రి గది వేడిగా ఉంది. పంకా లాగించుకుందామంటే కుదరదు, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయి. కళ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో రాస్ ఒక దోమను కోశాడు. ఒక్కొక్క భాగమే చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడా ఏమీ లేదు. చివరికి జీర్ణాశయపు గోడ ఒక్కటే మిగిలింది. బండలు పరిచిన పెద్ద వాకిలిలా కణాల వరుసలు కనిపిస్తున్నాయి. ఆ వాకిట్లో ప్రతి బండనూ చూడాలంటే ఇంకో అరగంట పడుతుంది. అప్పటికే అలసిపోయాడు. ఈపాటికి వెయ్యి దోమల పొట్టలు చూసి ఉంటాను, ఇది చూసి మాత్రం ఏం లాభం అనుకున్నానని ఆయనే రాశాడు.

అయినా చూశాడు. ఒక చోట గుండ్రని కణం కనిపించింది. దాని అంచు మరీ స్పష్టంగా ఉంది. వ్యాసం సుమారు 12 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో 12 భాగాలు. కొంచెం అవతల అలాంటిదే ఇంకొకటి. దోమ పొట్టలో మామూలుగా ఉండే కణాలు అలా ఉండవు. రాస్ మరను జాగ్రత్తగా తిప్పి ఒక కణం మీద ఫోకస్ కుదిర్చాడు. లోపల నల్లని రేణువులు! లావెరాన్ చూసిన రేణువులే, లండన్‌లో మాన్సన్ చూపించిన రేణువులే.

మరునాడు ఇంకో దోమను కోశాడు. అందులోనూ ఆ కణాలు ఉన్నాయి, ముందు రోజు వాటికన్నా పెద్దవిగా ఉన్నాయి. మురికి అయితే పెరగదు కదా. అవి దోమ లోపల బతికి పెరుగుతున్న క్రిములని దాంతో తేలింది. కనిపించినదాన్ని నోటు పుస్తకంలో బొమ్మ గీసి, తేదీ వేసి, స్లైడులను దాచి మరో వైద్యుడికి చూపించాడు. ఈ వివరాలతో ఆయన రాసిన వ్యాసం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

ఆ క్రిమిని కనుక్కున్న నెలకే ఆయనను మలేరియా పెద్దగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరాక పక్షులకు వచ్చే మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులలోకి చేరి కుట్టినప్పుడు బయటికి వస్తుందని నిరూపించాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు మనుషుల మలేరియాకు ఎనాఫిలిస్ దోమే కారణమని తేల్చారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటినుంచి మలేరియా మీద యుద్ధం చెడుగాలి నుంచి నీటి గుంటల మీదికి మళ్లింది. దోమతెర, మూత పెట్టిన నీటి తొట్టి, పూడ్చిన గుంట. ఇవన్నీ ఆ మధ్యాహ్నం తర్వాత అర్థం తెలిసి చేసిన పనులు.

మన ప్రయోగశాలలో

పగిలిన ఐపీసుతో కూడా నోబెల్ వచ్చింది కదా, ఇక జాగ్రత్త ఎందుకు అని మనలో కొంటె విద్యార్థి అడగవచ్చు. రాస్ పనిని జాగ్రత్తగా చూస్తే జవాబు వేరేగా వస్తుంది. ఆ నల్లని రేణువులు కనపడింది మరను వెంట్రుకవాసి తిప్పగలిగినందువల్ల. తుప్పు ఇంకొంచెం పెరిగి మర బిగుసుకుపోయి ఉంటే, మిగిలిన ఆ ఒక్క ఐపీసు కూడా పనికిరాకుండా పోయి ఉంటే, ఆ దోమ వృథా అయిపోయేది. అలాంటి దోమలు ఆయన దగ్గర గంపెడు లేవు. ఆ కొన్ని రోజులు పరికరం పనిచేయడం అదృష్టం. అదృష్టం మీద ఆధారపడకుండా ఉండటానికే జాగ్రత్త.

మైక్రోస్కోపును ఎప్పుడూ రెండు చేతులతో మోయాలి. ఒక చెయ్యి మెడ దగ్గర, ఇంకో చెయ్యి అడుగున. బల్ల అంచుకు దూరంగా పెట్టాలి. అద్దం ఉన్న మైక్రోస్కోపు అయితే కిటికీ వెలుతురు వైపు తిప్పాలి, సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు, కంటికి ప్రమాదం.

చూడటం ఎప్పుడూ తక్కువ శక్తి గల కటకంతోనే మొదలుపెట్టాలి. ఐపీసు మీద 10 అని, కింది కటకం మీద 4 అని ఉంటే వస్తువు 40 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. 40 కటకం పెడితే 400 రెట్లు. ఎక్కువ రెట్లు ఉంటే ఎక్కువ కనిపిస్తుందని మనం అనుకుంటాం. కానీ రెట్లు పెరిగేకొద్దీ కనిపించే స్థలం తగ్గిపోతుంది, వెలుతురు తగ్గుతుంది, కటకం స్లైడుకు మరీ దగ్గరగా వస్తుంది. ముందు ఊరంతా చూసి, తర్వాత వీధి, ఆ తర్వాత ఇల్లు వెతికినట్టు వెళ్లాలి. పెద్ద మరను తక్కువ శక్తి దగ్గర మాత్రమే వాడాలి. కటకాన్ని స్లైడుకు దగ్గర చేసేటప్పుడు కన్ను ఐపీసు దగ్గర పెట్టకుండా పక్కనుంచి చూడాలి. ఆ తర్వాత ఐపీసులో చూస్తూ కటకం, స్లైడు ఒకదానికొకటి దూరం జరిగేలా మరను తిప్పుతూ ఫోకస్ కుదుర్చుకోవాలి. 40 కటకం దగ్గర చిన్న మర ఒక్కటే. ఈ ఒక్క అలవాటు ఉంటే స్లైడులు పగలవు, కటకాలకు గీతలు పడవు.

స్లైడు మీద కవర్ స్లిప్‌ను నిటారుగా వేస్తే గాలి బుడగలు వస్తాయి. ఒక అంచును నీటిచుక్కకు ఆనించి, సూదితో పట్టుకుని మెల్లగా వాల్చాలి. నల్లని మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేది చాలాసార్లు గాలి బుడగే, కణం కాదు. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు వెళుతుంది. రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

కటకాన్ని వేలితో తాకకూడదు. చొక్కా అంచుతో, చున్నీతో, చేతిరుమాలుతో తుడవకూడదు. గుడ్డలో ఉండే ఇసుక రేణువు గాజు మీద గీత గీస్తుంది, ఆ గీత మళ్లీ పోదు. ముందు రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, తర్వాత లెన్సు కాగితంతో మెత్తగా తుడవాలి. నూనె కటకం వాడితే పని కాగానే నూనె తీసేయాలి. ఎండిపోతే కటకానికి అంటుకుపోతుంది. రాస్ మరలను పాడుచేసింది చెమట. కాబట్టి చెయ్యి తుడుచుకుని మర పట్టుకోవడం, పని కాగానే లోహపు భాగాలను పొడిగుడ్డతో తుడవడం మరచిపోకూడదు.

మన దేశంలో దుమ్ముకన్నా పెద్ద శత్రువు వానాకాలపు తేమ. మూసి ఉంచిన చెక్క పెట్టెలో తేమ చేరితే కటకం మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. అది గాజు పైపూతను తినేస్తుంది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలను పారేయకుండా తెచ్చి పెట్టెలో వేస్తే తేమను పీల్చుకుంటాయి. ఐపీసును తీసి గొట్టాన్ని ఖాళీగా వదలకూడదు, దుమ్ము లోపలికి దిగుతుంది. పని అయ్యాక తక్కువ శక్తి కటకాన్ని కిందికి తిప్పి, స్లైడు తీసేసి, తొడుగు వేయాలి.

చివరగా, చూసినది గీయాలి. అందంగా రాకపోయినా ఫరవాలేదు. ఏ తేదీ, ఏ వస్తువు, ఎన్ని రెట్లు అని పక్కన రాయాలి. రాస్ 20వ తేదీ బొమ్మ గీసి ఉంచాడు కాబట్టే 21న కణాలు పెరిగాయని చెప్పగలిగాడు.

ఈ ఏడాది ఆగస్టు 20న మనం ఒక పని చేయవచ్చు. ఇంటి దగ్గర పూలకుండీ పళ్లెంలోనో, పాత టైరులోనో, నీళ్ల తొట్టిలోనో నిలవ ఉన్న నీటిని గాజు గ్లాసులో తీసుకుని చూడండి. నీటి పైభాగాన తల కిందికి వేలాడుతున్న పిల్లలు క్యూలెక్స్‌వో, డెంగీ తెచ్చే ఈడిస్‌వో అయి ఉంటాయి. నీటి మట్టానికి సమానంగా పడుకున్నట్టు ఉంటే అవి ఎనాఫిలిస్‌వి. ఒక దాన్ని డ్రాపరుతో స్లైడు మీదికి తీసి, తక్కువ శక్తి కటకంతో చూసి బొమ్మ గీయండి. ఆ తర్వాత, బెంగళూరులో రాస్ చేసినట్టే, ఆ నీళ్లను ఎండ తగిలే పొడి నేల మీద ఒంపేయండి.